డ్రోన్ దిగే చోట ముగ్గు

మా కల్లంలో డ్రోన్ దిగుతుందంటే మా అత్త నమ్మలేదు.

"బుడ్డలు ఆరబోసే తావులో విమానం దిగుతాదా? దానికి యాడా తావు దొరకలేదంటనా?" అంది.

నా కూతురు నవ్వింది. "విమానం కాదవ్వా, డ్రోను. పెద్ద తేనెటీగ మాదిరి ఉంటాది. మందు పెట్టె మోసుకొని వస్తాది."

నా కూతురు బెంగుళూరులో విమానాల చదువు చదివింది. డిగ్రీ అయ్యాక ఆ పైచదువు. అది ముగిసే ముందు పిల్లలు ఏదో ఒక పనిని సొంతంగా తలకెత్తుకొని చేసి చూపించాలట. దానికి కాలేజీ పంతుళ్లే కాక, డ్రోన్లు చేసే కంపెనీ నుంచి ఒక సారు దారి చూపిస్తాడట. పని కళ్లారా చూసి ఆయన సంతకం పెడితేనే చదువు అయిపోయినట్టు. పని బాగా కుదిరితే తమ కంపెనీలోనే చేర్చుకుంటానని కూడా ఆయన అన్నాడు. సంతకమూ ఉద్యోగమూ ఆ ఒక్క రోజు మీదే ఉన్నాయని పాప నాకు చెప్పే ఉంది. తెలియక చేశానని నేను అనడానికి లేదు.

పాప ఎంచుకున్నది పాముకాటు మందును డ్రోనుతో పంపే పని. వాళ్ల నాయనను వేరుశనగ బుడ్డల చేలో పాము కరిచింది. బండి దొరికి, ఎక్కించుకొని ఆసుపత్రికని బెళుగుప్ప దారి పట్టేసరికే ఆయనకు మాట పడిపోయింది. ఆ దారంతా ఆయన తల నా ఒళ్లో ఉంది, పాప కాళ్లు పట్టుకొని కూర్చుంది. అప్పటికి బడిపిల్ల. పెద్దయ్యాక దానికి ఒకటే పట్టు, ఆ మందు ఎగిరి ఊళ్లోకి రావాలని.

చూపించే రోజుకు ముందటి సాయంత్రం అది కల్లం మధ్యలో నలుపు తెలుపు గళ్ల పటం ఒకటి పరిచింది. డ్రోనుకు కడుపు కింద కన్ను ఉంటుందట. పైనుంచి ఆ గళ్లను గుర్తుపట్టి దాని మీదే దిగుతుందట.

"కోళ్లు తొక్కకుండా చూసుకోమా" అని చెప్పి, తెల్లారి సారును కలవడానికి రోడ్డు పక్క బడి మైదానానికి పోయింది. అక్కడ లేపితే అది తనంతట తాను మా కల్లానికి రావాలి.

నేను కోళ్లను తొక్కనివ్వలేదు. గంప కింద మూసిపెట్టాను. కానీ అంత పెద్ద మనిషి వస్తుంటే కల్లం అట్లా బోడిగా ఎట్లా వదిలేది? పటం చుట్టూ చిమ్మి పేడతో అలికాను. అలికిన నేల నల్లగా ఆరింది. అంత చక్కటి నేల చూశాక చేయి ఊరుకోలేదు.

మా ఆయన పోయాక నేను ముగ్గు ముట్టలేదు. పాప ఇంట్లో ఉన్నన్నాళ్లూ అదే వేసేది. అది చదువుకు పోయాక కళ్లాపి చల్లి వదిలేసేదాన్ని. వద్దని నాతో ఎవరూ అనలేదు, అనిపించుకునే దాకా నేను తెచ్చుకోలేదు. ఆ రోజు మాత్రం డబ్బా దించి, అడుగున గట్టిపడిన పిండిని వేళ్లతో నలిపి, చుక్కలు పెట్టాను. పటం చుట్టూ పద్మం, దాని చుట్టూ తీగలు. నాలుగు మూలలా గళ్ల ముగ్గు వేశాను, పటంలోని గళ్లకు జోడుగా ఉంటుందని. ఇన్నేళ్లకు కూడా గీత వంకర పోలేదు. లేచి నిలబడి చూసుకొని మురిసిపోయాను కూడా.

మా అత్త గుమ్మంలో నుంచి చూసింది.

డ్రోను గుంయ్యిమంటూ వచ్చింది. కల్లం మీద ఆగింది. అటు జరిగింది, ఇటు జరిగింది. పటాన్ని వదిలి ఒక మూల గళ్ల ముగ్గు మీదికి వంగింది. "అది కాదు, అది కాదు" అని నేను అరుస్తున్నాను, దానికి చెవులున్నట్టు. కిందికొచ్చేసరికి దాని రెక్కల గాలికి ముగ్గుపిండి, ఎర్రమన్ను కలిసి ఇంతెత్తున లేచాయి. ఆ తెల్లటి దుమ్ములో అది పక్కకు ఒరిగి, గోడకు కొట్టుకొని కింద పడింది. పెట్టె పగిలింది. అందులో ఉన్నది ఉత్త నీళ్ల సీసాలే, మందు మాదిరి పెట్టి పంపింది పాప. ఆ నీళ్లు నా ముగ్గు మీద పారాయి.

అప్పుడు మా అత్త నోరు తెరిచింది. "ముండమోసిన చేత్తో ముగ్గేస్తే ఇంగేమైతాది?"

కారులో సారు, పాప వచ్చారు. పాప డ్రోను వైపు చూడలేదు, నేల వైపు చూసింది. తర్వాత నా చేతుల వైపు. వేళ్లకు ఇంకా పిండి అంటుకొనే ఉంది.

"ఎవురు ఏయమన్నారుమా నిన్ను?"

"సారు వస్తాడని..."

"సారు ముగ్గు చూసేకి వస్తాండాడా?"

నేను కొంగులో చేతులు దాచుకున్నాను. తిట్టినా కొట్టినా పడేదాన్ని. అది అంతటితో ఆపేసి విరిగిన ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టింది. నేను కూడా వంగబోతే "నువ్వు ముట్టద్దు" అంది.

కంపెనీ సారు నెరిసిన జుట్టు మనిషి, కన్నడం కలిసిన తెలుగు. ఆయన ప్యాంటు పైకి లాక్కొని గొంతుక్కూర్చొని, మిగిలిన ముగ్గును చాలాసేపు చూశాడు.

"ఇది మీరేనా అమ్మా వేసింది?"

"తప్పైపోయింది సారూ. పాపది ఏం తప్పు లేదు. సంతకం పెట్టేయండి సారూ."

"సంతకం ఇవాళ ఆగల్ల అమ్మా" అన్నాడు. ఆగల్ల అంటే కన్నడంలో కుదరదని. తర్వాత పాపతో అన్నాడు, "నీది ఊళ్లో దిగే డ్రోన్ కదమ్మా. ఊళ్లో ఏ వాకిట్లో ముగ్గు ఉండదు చెప్పు? పాము కరిచిన ఇంట్లో ముందు ముగ్గు చెరిపి రమ్మంటావా?"

మళ్లీ చేసి చూపించమని ఆయన గడువు ఇచ్చాడు. కాఫీ ఇస్తే తాగి, "కాఫీ చాలా చెన్నాగిదె" అని మెచ్చుకొని పోయాడు. ఆయన ఎంత మంచిగా మాట్లాడితే నాకు అంత సిగ్గయింది.

ఆ ఎండాకాలమంతా పాప ఇంట్లోనే ఉంది. దానితో చదివిన వాళ్లు పట్టాలు పుచ్చుకొని ఉద్యోగాల్లో చేరుతున్నారు. ఇది మంచం మీద కంప్యూటరు పెట్టుకొని కూర్చునేది. ఒక పొద్దు వచ్చి, డ్రోనుకు ముగ్గులు చూపించాలి, ఇది ముగ్గు ఇది పటం అని దానికి తెలియాలి, రకరకాలుగా వెయ్యమని నన్ను అడిగింది.

"నా చేయి వద్దులే పాపా. ఇంకెవురినన్నా పిలుచుకో."

"పడింది నీ ముగ్గు మీదనే కదా. నీ ముగ్గు మీదనే దిగాల."

"మీ అవ్వ ఏమనిందో ఇనలేదా?"

"అవ్వ మాట డ్రోనుకు ఇనపడదులేమా. నువ్వు ఏయి."

వేశాను. రోజూ పొద్దున్నే కల్లంలో ఒక కొత్త ముగ్గు. మా అమ్మ వేసినవి, మరిచిపోయానని అనుకున్నవి కూడా వేళ్లలో నుంచి వచ్చాయి. పాప నిచ్చెనెక్కి ఫోటోలు తీసేది. పిండి ఎగరకుండా తడి పిండితో వేద్దామా అని నేను అడిగితే, "వద్దు, ఎగరనీ. దుమ్ములో కూడా దిగాల" అనేది. ఇద్దరం అక్కడే కూర్చొని బొరుగులు తినేవాళ్లం. మా అత్త మొదట మొహం తిప్పుకుంది. తర్వాత గుమ్మంలోనే కూర్చొని, "ఆ తీగ ఎడమకు తిప్పే, అట్ల కాదు" అని నాకే చెప్పడం మొదలుపెట్టింది.

ఇది చెప్పడానికే నాకు నోరు రావడం లేదు. ఆ రోజులు నాకు బాగున్నాయి. మా ఆయన పోయాక అంత బాగున్న రోజులు నాకు లేవు. బిడ్డ దారి మూసి, ఆ మూసిన దారిలో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని నేను సుఖపడ్డాను. పాప ఫోనులో ఎవరినో "ఆ పోస్టు ఇంకా ఉండాదా" అని అడగడం విన్నప్పుడల్లా బొరుగుల గిన్నె పక్కకు నెట్టేసేదాన్ని. మరుసటి పొద్దు మళ్లీ డబ్బా తీసుకొని ఉత్సాహంగా కల్లంలోకే పోయేదాన్ని.

రెండోసారి డ్రోను వచ్చినప్పుడు నేను గోడ పట్టుకొని నిలబడ్డాను. అదే పద్మం, అవే గళ్లు. దుమ్ము లేచింది. దుమ్ము అణిగేసరికి అది పటం మీద బుద్ధిగా కూర్చొని ఉంది. సారు అక్కడే సంతకం పెట్టాడు. ఊళ్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. "ముగ్గు అమ్మదే" అని పాప నన్ను ముందుకు లాగింది. నేను వెనక్కే జరిగాను.

సారు కారెక్కాక అడిగాను. "మరి ఆ ఉద్యోగం?"

"దాంట్లో ఎవురో చేరినారంటలేమా. సారు ఇంగోటి చూస్తానన్నాడు" అంది, సంతలో వంకాయలు అయిపోయాయన్నంత తేలిగ్గా. చెప్పి, నా మొహం చూడకుండా పటం చుట్టుకుంది.

ఇప్పుడు అది బెంగుళూరు హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటోంది. ఫోను చేసినప్పుడల్లా ముందు నేను అడుగుతాను, "ఏమైనా కుదిరిందా పాపా?"

"చూస్తాండామా. నువ్వు ముగ్గు ఏసినావా ఈపొద్దు?"

"ఏసినా."

వేస్తూనే ఉన్నాను. అది వెయ్యమంది గనక వేస్తున్నానని మా అత్తతో అంటాను. డబ్బా దించేటప్పుడు నాకు పాపకు పోయిన ఆ ఉద్యోగం గుర్తుండదు. సగం ముగ్గయ్యాక గుర్తొస్తుంది, చిటికెలో పిండి పట్టుకొని అట్లే ఆగిపోతాను. "ఏమే, మధ్యలో నిలబడినావు? కానీ" అని గుమ్మంలో నుంచి మా అత్త కేకేస్తుంది.