ఆమినాబీ కందిరీగలు, పైడయ్య పంపు

“కందిరీగంటే కుడతాదని బయపడ్డాడా మీ బావ? సుక్కంత కూడా ఉండదది. మనల్ని కుట్టే తీరిక దానికెక్కడిది తమ్ముడూ?” అంది ఆమినాబీ.

ఉక్కునగరంలో డ్యూటీ దిగి పాతబస్తీకి వచ్చిన వాసు నవ్వాపుకున్నాడు. అతని బావ పైడయ్యకి పెందుర్తిలో వంగతోట ఉంది. పోయిన నెల పురుగుకి విరుగుడని ఆమినాబీ దగ్గర కందిరీగల కార్డులు కొని, అవి ఉత్త అట్టముక్కలని రైతుబజారంతా చాటాడు. అప్పటినుంచి ఇద్దరు రైతులు ఆమె గుమ్మం తొక్కడం మానేశారు.

ఆమె టబ్బుల్లో జొన్నలు పోసి బియ్యప్పురుగుల్ని పెంచుతుంది. వాటి గుడ్లను కార్డుకి అంటించి, ఆ గుడ్లలో కందిరీగలచేత గుడ్లు పెట్టిస్తుంది. పుట్టిన కందిరీగ తోటలో కాయతొలిచే పురుగు గుడ్డుని వెతికి పట్టుకుని, అది పిల్ల కాకముందే దాని పని ముగిస్తుంది.

“నాను కొట్లో పురుగులేరతాను, ఈవిడ ఇంట్లో మేపతాది,” అన్నాడు బియ్యం కొట్టు హుస్సేన్ బాషా.

“పురుగే నయం. కూరలో ఉప్పు తక్కువనదు,” అని మొగుడికి జవాబిచ్చి, ఆమె వాసు వైపు తిరిగింది. “కార్డులు కట్టాక మీ బావ ఏటి సేసాడు?”

వాసు తల గోక్కున్నాడు. “ఆ సాయంత్రమే పురుగుమందు కొట్టాడక్కా. రెండూ ఏత్తే గట్టిగా పని సేత్తాదని.”

ఆమినాబీ నెత్తి కొట్టుకుంది. “అల్లుళ్లని పిలిసి అన్నంలో విషం కలిపాడు. పైగా అల్లుళ్లు పని సెయ్యరని ఊరంతా చాటింపు.”

కాగితంలో చుట్టిన కొత్త కార్డొకటి అతని చేతిలో పెట్టింది.

“ఊరికే ఇత్తన్నాను. పోయిన నా పేరు మీ బావ నోటితోనే తిరిగి రావాల. ఆకు కింద నీడలో నువ్వే కట్టు. కట్టి, ఆ మందు పంపు తెచ్చి నా మంచం కింద పెట్టు. వంకాయలు కోసాకే ఇత్తానని సెప్పు.”