బొత్తాంలో అగ్గిపుల్ల

మొన్న బందరు రోడ్డు పక్కన బ్యాగులు బాగుచేసే అతను తన కుట్టుమిషనుకి నూనె వేస్తుంటే, ఆ వాసన ముక్కుకి తగిలి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డ నాకు ఒళ్ళంతా చల్లబడిపోయింది. నవ్వకండి. అందరికీ ఆ వాసనతో పండగ బట్టలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం భయమే గుర్తొస్తుంది.

వన్ టౌన్‌లో మా ఇల్లంటే ముందు నాన్న కుట్టే కొట్టు, వెనక మేం. పక్క గోడౌనులోంచి ఎండుమిరపకాయల ఘాటు, సందులో తోపుడుబళ్ళ వాళ్ళ కేకలు, అమ్మ అట్లు పోస్తుంటే పెనం చుయ్యిమనడం, వీటన్నిటి అడుగునా పొద్దుట నుంచీ నాన్న మిషను టకటకా సాగుతూనే ఉండేది. దసరా వస్తోందంటే కొట్టంతా గుడ్డలే. ఆ ముక్కల పక్కనే తొక్కుడుబిళ్ళ గీసుకుని అమ్మతో చీవాట్లు తినేవాళ్ళం.

అప్పుడు నేను పదో తరగతి. మా బళ్ళో సైన్సు పరికరాలంటే చిరిగిన గుండె చార్టు ఒకటి, మూత బిగుసుకుపోయిన సీసాలో కప్ప ఒకటి. అందుకే సైన్సు చెప్పే సీతామహాలక్ష్మి టీచరు గారు ఒకరోజు, "రాణీ, మీ నాన్నగారి కొట్లో కోటు బొత్తాలుంటే పట్రా" అన్నారు. అగ్గిపుల్ల మొన సన్నగా చెక్కి బొత్తాం కన్నంలో గుచ్చి, మణికట్టు మీద బొటనవేలి వైపు నిలబెడితే, నాడి కొట్టుకున్నప్పుడల్లా పుల్ల తలూపుతుంది. చేతులు బల్లల మీద పరుచుకుని క్లాసంతా ఊపిరి బిగబట్టి చూశాం. అబ్బ, ఎంత సంబరమో!

ఆ సంబరం పట్టలేక ఇంటికొచ్చి అందరి చేతుల మీదా పెట్టాను. అమ్మది, పక్కింటి పిన్నిగారిది చక్కగా ఊగాయి. నాన్నది కాసేపు ఊగి ఆగిపోయింది. మళ్ళీ గబగబా ఊగింది. మళ్ళీ ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మిషను తొక్కుతున్నాడుగా, ఆ అదురుకేమోలే అని సర్దిచెప్పుకుని, "కాలు తియ్యి నాన్నా" అన్నాను. తీసినా అంతే.

"ఏంటే అలా చూస్తావ్? నా చేతికి బద్ధకంలే" అని నవ్వేసి, మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

అమ్మకి చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. ఆ రోజు నుంచి మిషను చప్పుడే నాకు నాన్న గుండె చప్పుడు. అది ఆగిందంటే చాలు, తింటున్న కంచం వదిలేసి కొట్లోకి పరిగెత్తేదాన్ని. బాబిన్ మార్చుకుంటూనో, టీ తాగుతూనో కనిపించేవాడు. "ఏం కావాలే?" అంటే, ఏం లేదని కాళ్ళీడ్చుకుంటూ వెనక్కొచ్చేదాన్ని. చదువు లేదు, ఆట లేదు, ముద్ద దిగేది కాదు.

చివరికి టీచరు గారి దగ్గర ఏడ్చేశాను. ఆవిడ ఆ సాయంత్రమే కొత్త గుడ్డా, కొలతకి ఆది జాకెట్టూ పట్టుకుని, కుట్టించుకోవడానికి వచ్చినట్టే మా కొట్టుకొచ్చి, మాటల్లో మాటగా, "మీ అమ్మాయి ప్రయోగం నేనూ చూస్తానండీ, చెయ్యిలా పెట్టండి" అన్నారు. పుల్లనే చూస్తున్న ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"రేపే డాక్టరు గారికి చూపించుకోండి."

"పండగ బట్టలు ఇచ్చేసి వెళ్తానండీ, అందరికీ మాటిచ్చాను."

"జాకెట్టు లేదని పండగ ఆగదండీ. మీరు లేకపోతే ఈ పిల్ల ఏమైపోవాలి?"

నాన్న నా వైపు చూశాడు. నా మొహం ఎలా ఉందో ఏమో, మర్నాడు కొట్టు తియ్యలేదు. గుండెలో కవాటం ఒకటి దెబ్బతిందనీ, ఇంకొన్నాళ్ళు పోతే చెయ్యి దాటిపోయేదనీ డాక్టరు చెప్పారు. ఆపరేషను, ఆ ఆస్పత్రి వరండాలో అమ్మ కొంగు పట్టుకుని కూర్చోవడం, అవన్నీ ఇప్పుడు చెప్పలేను. నాన్న బతికాడు.

ఇప్పుడు నేనూ బయాలజీ టీచర్నే. మా క్లాసులో తెర మీద రంగురంగుల గుండె ఒక్కసారి కూడా తడబడకుండా కొట్టుకుంటుంది. పిల్లలు కేరింతలు కొడతారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే పనే లేదు. మా సందులో మిషన్లు పోయి రెడీమేడ్ కొట్లొచ్చాయి. నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు, పగలంతా కుర్చీలో అలికిడి లేకుండా కూర్చుంటాడు. వినడానికి ఏ చప్పుడూ లేదు కాబట్టి నేనే లేచి వెళ్ళి చూడాలి. పేపరు ఇచ్చే వంకతో వెళ్ళి మణికట్టు పట్టుకుంటాను.

నిన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు, "లెక్కపెట్టకే. ఊరికే పట్టుకో."