అన్న కారు ఎత్తు సరిచేయించడానికి సిరిసిల్ల దాకా

జగిత్యాల నుంచి ఉదయం ఎనిమిది దాటాక బయల్దేరాం. కారు నేను నడుపుతున్నాను. వెనక సీట్లో, సరిగ్గా నా వెనక, మా వదిన కూర్చుంది. ఆమె ఎడమ పక్క ఖాళీ. అక్కడ మా అన్న కూర్చునేవాడు. చలికాలంలో పోయాడు. ఇప్పుడు ఎండలు ముదిరాయి.

అన్న మస్కట్‌లో ఒక అరబ్బు కుటుంబానికి చాలా ఏళ్ళు డ్రైవరుగా పనిచేశాడు. తిరిగొచ్చాక హైదరాబాద్‌లో ఒక పాత పెద్ద కారు కొన్నాడు. అక్కడ తాను నడిపిన రకమే. స్ప్రింగుల మీద కాకుండా గాలి నిండిన రబ్బరు తిత్తుల మీద నిలబడే కారు. ఇంత పాత బండి ఎందుకని ఎవరైనా అడిగితే, "గన్నేండ్లు నడిపింది వాళ్ళది. గిది నాది" అనేవాడు.

ఏడాది తిరక్కముందే వెన్నులో గడ్డ లేచి, నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలోంచి కారులోకి జరపాలంటే సీటు ఎత్తు అడ్డమొచ్చేది. అప్పుడు కోరుట్లలోని ఒక మెకానిక్ కారు వెనక భాగాన్ని నాలుగు వేళ్ళ మందం కిందికి దింపి ఇచ్చాడు. కుర్చీ, సీటు ఒక్క మట్టానికి వచ్చాయి. ఆ తర్వాత వదిన ఒక్కతే ఆయన్ను లోపలికి జరుపుకునేది. దవాఖానకైనా, పెళ్ళికైనా అంతే.

అయితే అలా దింపిన కారుకు వెనక టైర్లు లోపలి అంచున అరిగిపోతాయట. మొన్న టైర్ల షాపులో చూపించారు, దారాలు బయటపడ్డాయి. ఎత్తు సరిచేయించకపోతే కొత్తవి వేసినా ఇదే గతి అన్నారు. ఎత్తు సరిచేయిద్దామంటే, వదిన తాను కూడా వస్తానంది.

కోరుట్ల చేరేసరికి మెకానిక్ షెడ్డు మూసి ఉంది. ఆయన అత్తగారి ఊరు సిరిసిల్లకు మారిపోయాడని పక్కనున్న పంక్చర్ షాపు అతను చెప్పాడు. అతని దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. మధ్యాహ్నం తరువాత రమ్మన్నాడు మెకానిక్. కోరుట్లలోనే ఇడ్లీ తిని, కథలాపూర్ దారి పట్టాం. దారికి రెండు పక్కలా వరి కోతకొచ్చింది. గతుకుల్లో కారు అడుగు భాగం రోడ్డుకు రాసుకుంటుంటే మెల్లగా పోనిచ్చాను.

కథలాపూర్‌లో బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలామె చెయ్యెత్తింది. వేములవాడ పోవాలంది. ఆపగానే ఎడమ తలుపు తీసింది. వదిన గబుక్కున అన్న సీట్లోకి జరిగి, చుట్టు తిరిగి కుడి తలుపు నుంచి ఎక్కమంది. అన్న పోయిన తర్వాత ఆ సీట్లో ఎవరైనా కూర్చోవడం అదే మొదలు.

ముసలామె కొడుకులిద్దరూ దుబాయ్‌లో ఉన్నారట. వాళ్ళ సంగతులు చెప్పి చెప్పి, చివరికి వదినను అడిగింది.

"మీ ఇంటాయన గుడ అటే ఉన్నడా బిడ్డా?"

"ఆ. మస్కట్‌ల" అంది వదిన.

"ఎప్పుడస్తడట?"

"ఇంకా చెప్పలే."

వేములవాడలో ముసలామె దిగి, వదిన తల నిమిరి వెళ్ళింది. మేము ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాం. పప్పు, బెండకాయ కూర బాగున్నాయి. వదిన అన్నం కెలుకుతూ, "అబద్ధం జెప్పిన శీనూ. నిజం జెప్తే ముసల్ది ఇంటిదాక ఏడ్సుకుంట పోతుండె" అంది. ఆ తర్వాత, "ఉన్నడని చెప్తుంటె మంచిగనిపిచ్చింది" అంది.

సిరిసిల్లలో మెకానిక్ కొత్త షెడ్డు సందుల వెనక ఉంది. అటూ ఇటూ ఇళ్ళలో మరమగ్గాలు దడదడమంటున్నాయి. కారును చూడగానే అతను నవ్వుతూ ఎదురొచ్చాడు. నేరుగా ఎడమ కిటికీ దగ్గరికి వెళ్ళి లోపలికి వంగాడు.

"అన్న రాలేదా అక్కా?"

వదిన తల దించుకుంది. నేను చెప్పాను. అతను కిటికీ మీంచి చెయ్యి తీశాడు. తనకెవరూ చెప్పలేదన్నాడు.

ఎత్తు కొలవాలంటే డిక్కీ ఖాళీగా ఉండాలన్నాడు. డిక్కీలో చక్రాల కుర్చీ ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరం తీయలేదు. దించి చెట్టు నీడన పెట్టాం. షెడ్డులో కూర్చోవడానికి ఇంకేమీ లేకపోవడంతో వదిన ఆ కుర్చీలోనే కూర్చుంది.

వెనక చక్రం లోపలి పక్క ఒక చిన్న కడ్డీ ఉంటుంది. కారు ఎంత ఎత్తులో ఉందో అదే చెబుతుంది. దాని నట్టు వదులు చేసి కొంచెం జరిపితే, కారు అందుకు తగ్గట్టు లేస్తుంది లేదా దిగుతుంది. మెకానిక్ కారు కిందికి దూరాడు. అక్కడి నుంచే అడిగాడు.

"అక్కా, కంపెనీ ఎత్తుకు తేవాల్నా? కొంచెం కిందికే ఉంచాల్నా?"

నన్ను కాదు, ఆమెను అడిగాడు. మగ్గాల చప్పుడు వింటూ నేను నేల చూస్తున్నాను.

"లేపు తమ్మీ" అంది చివరికి. "ఎక్కేటాయన లేడు గద."

అతను కడ్డీ జరిపి, బయటికొచ్చి, ఇంజను ఆన్ చేయమన్నాడు. కింద ఎక్కడో గాలి పంపు గుర్రుమంది. వదిన లేచి వచ్చి వెనక మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టింది. కారు మెల్లగా లేస్తుంటే దాంతోపాటు ఆమె చెయ్యీ లేచింది. కర్మకాండ జరిగినన్నాళ్ళూ కన్నీరు పెట్టని మనిషి, అక్కడ, ఆ షెడ్డు ముందు, నిలబడి ఏడ్చింది. మెకానిక్ టేపు చేతిలో పట్టుకుని, ఆమె కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, అప్పుడు రెండు పక్కలా కొలిచాడు.

అక్కడే కొత్త టైర్లు కూడా వేయించాం. కుర్చీని మళ్ళీ డిక్కీలో ఎక్కించాం. వదిన వెనక తలుపు తీసి, ఎక్కకుండానే మూసేసి, వచ్చి ముందు నా పక్కన కూర్చుంది.

వచ్చేటప్పుడు కోరుట్ల వైపు పోకుండా వేములవాడ నుంచి కొడిమ్యాల మీదుగా జగిత్యాల దారి పట్టాను. ఇలాంటి కారున్నవాళ్ళకు సిరిసిల్ల ప్రయాణం కష్టమేమీ కాదు. పొద్దున వెళితే పొద్దుగూకేలోపు ఇల్లు చేరొచ్చు. నాకు మాత్రం ఇంత బరువైన దారి మరొకటి గుర్తులేదు.

ఎండ తగ్గాక వదిన మాట్లాడింది.

"మీ అన్న ఆఖరుసారి దవాఖాన నుంచి అచ్చేటప్పుడు, ముందు కూసుంట అన్నడు. రోడ్డు జూస్త అన్నడు. ముందు సీటు ఎత్తుంటది, నాతోని కాదన్న."

"నీతో అయ్యేది కాదులే వదినా" అన్నాను.

"అవు, అయ్యేటిది కాదు" అంది. మళ్ళీ తనే, "గని అడిగిండు గద" అంది.

ఆ తర్వాత జగిత్యాల దాకా ఆమె ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తూ కూర్చుంది. నేను కారు మెల్లగా నడిపాను.