బొంతతో పాటు లేచిన పల్లవి

బాన్సువాడలో బీర్కూర్ బస్సు మలుపు తిరిగే చోట, తన ఇంటి అరుగు మీద కూర్చుని పోసవ్వ బొంతలు కుట్టేది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టుకుంటూ పోయేది. చేతులు చీర మీద, చెవులు వీధి మీద. ఎవరు చీర తెచ్చినా, "గింత మంచిది ఎందుకు ఇడిసినవ్?" అని మొదలుపెట్టి, బొంత పూర్తయ్యేసరికి ఆ ఇంటి కథంతా రాబట్టేది.

ఊరి సంగతులన్నీ తెలిసిన పోసవ్వకు సొంత మనవరాలే అంతుపట్టలేదు. కొడుకూ కోడలూ పొలానికి పోతే ఆరేళ్ల పల్లవి ఆమె దగ్గరే ఉండేది. మెడ పట్టీ గుచ్చుకుంటుందని గౌను విప్పి పారేసేది. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగు. మంచం మీద కూర్చోబెడితే గోడెక్కేది. పోసవ్వ దిష్టి తీసి, తాయెత్తు కట్టించింది. తాడు దురద పెడుతుందని పల్లవి దాన్ని మేక మెడలో వేసింది. అప్పటి నుంచి మేకైతే బాగా నెమ్మదించిందని పోసవ్వ అనేది.

1998 వానాకాలంలో ఒకటో తరగతి చెప్పే బాలకృష్ణ సారు ఆమెను బడికి పిలిపించాడు.

"అవ్వా, పిల్ల తెలివిగలదే. కని బెంచీ మీద నిలుస్తలేదు. గంట కొట్టంగనే రోడ్డు మీదికి ఉరుకుతుంది, లారీలు తిరుగుతుంటయి. సోమారం సూస్త. గట్లనే ఉంటే ఇగ ఇంటికాడనే ఉంచుకో."

"ఇంటికాడ నిలిస్తే నీ దగ్గరికెందుకు తోలుత సారూ?" అంది పోసవ్వ. అనడానికి అంది గానీ ఆ పూట అన్నం సయించలేదు. తాను రెండో తరగతితోనే బడి మానేసింది. ఈ పిల్లకు అది కూడా దక్కేలా లేదు.

ఆదివారం నాడు పాత జంపఖానా లోపల పెట్టి మందపాటి బొంత మొదలుపెట్టింది. పల్లవి దాని కిందికి కాళ్లు చాపి, బరువంతా ఒళ్లోకి లాక్కుని ఎక్కాలు చదవసాగింది. ఎదురింటి హీరాబాయి వచ్చి కోడలి ముచ్చట ఎత్తుకుంది. పోసవ్వ అటు చెవి పెట్టి, ఇటు కుట్టుకుంటూ పోయింది. ముచ్చట ముగిసేసరికి పొద్దు వాలింది.

"లే బిడ్డా, తిందువు" అంటే పల్లవి లేచింది. ఆమెతో పాటు బొంతా లేచింది. గౌను అంచు మూరెడు మేర దానికి కుట్టేసి ఉంది.

"పిల్ల కూసుంటలేదని కుట్టేసినవా పోసవ్వా?" అంది హీరాబాయి.

పోసవ్వ నవ్వలేదు. ఇంత కుట్టు పడేదాకా ఈ పిల్ల కదలలేదా?

"ఎట్ల కూసున్నవే గింతసేపు?"

"బరువుంది గద బాపమ్మా. మంచిగుంది."

సోమవారం, రాత్రికి రాత్రే కుట్టిన బరువైన చిన్న బొంత చంకన పెట్టుకుని పోసవ్వ బడికి వెళ్లింది.

"గీ ఉక్కపోతల బొంతేంది అవ్వా?" అన్నాడు సారు. పిల్లలంతా నవ్వారు. పల్లవి మాత్రం దాన్ని ఒళ్లో పరుచుకుని పలక పట్టుకుంది, కదలలేదు. కిటికీ బయట నుంచి పోసవ్వ తొంగిచూసింది. అంతలో గంట మోగింది. పల్లవి చెవులు మూసుకుని గుమ్మం దాకా ఉరికింది.

సారు పిల్లను పట్టుకుని, వేలాడే రైలు పట్టా ముక్క దగ్గరికి తీసుకుపోయాడు. "నీకు చెప్పకుంట మోగుతదనే గద భయం? ఇగ ఈ గంట నువ్వే కొట్టు" అని సుత్తి చేతికిచ్చాడు.

తర్వాతి గంట పల్లవే కొట్టింది. చెవులు మూసుకోలేదు. ఆపమన్నా ఆపలేదు.

"రేపు సుత తోలు అవ్వా" అన్నాడు సారు. "కని నువ్వు రాకు. పిల్ల కూసున్నది, నువ్వు కూసుంటలేవు. పొద్దటి సంది అన్ని కిటికీలు తిరుగుతున్నవ్. నీకు సుత ఒక బొంత కుట్టుకో."

పోసవ్వ వినలేదు. అప్పటికే పక్క తరగతి కిటికీలోంచి, అక్కడి కొత్త టీచరమ్మను ఆమెది ఏ ఊరో అడుగుతోంది.