ఎనిమిదిసార్లు మొలిచిన డిస్కు

పాలమూరులో నేను కిరాయికి ఉంటున్న గదిలో, టీవీ కింద పెట్టిన వీడియోగేమ్ ఆటపెట్టె గంటసేపు నడిచిందంటే వెనక జాలీలోంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. ఆదివారం పూట ఆ వాసన వస్తోందంటే నేను ఆడుతున్నట్టు కాదు, ఏది ఆడాలో తేల్చుకోలేక ఆటల బొమ్మలు చూస్తూ కూర్చున్నట్టు. నాకు ఇష్టమైనవి కథల ఆటలు. ఊరిలోని ఏ పిల్లో పిల్లగాడో కత్తి పట్టుకుని బయల్దేరి, దారిలో తోడు దొరికించుకుని, దెబ్బలు తిని బలం పెంచుకుని, యాభై అరవై గంటలకు గాని కథ ఒడవని ఆటలు. ఒకటి అయిపోయి ఇంకోటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడల్లా నాకు అనుమానం పట్టుకుంటుంది. బొమ్మ బాగుంటే బొమ్మ మీద అనుమానం, పదిమంది మెచ్చుకుంటే ఆ పదిమంది మీద అనుమానం, సగం ధరకే ఇస్తామంటే ఎందుకిస్తున్నారని అనుమానం. ఈ గుణం నాకు మా అవ్వ నుంచి వచ్చింది.

మాది కోస్గి. తెలంగాణ వచ్చిన రెండో ఎండాకాలం, అప్పటికి కోస్గి ఇంకా పాలమూరు జిల్లాలోనే ఉండేది. వరసగా వానలు మొహం చాటేసిన రోజులు. మా నాయిన, పెద్దనాయిన కలిసి చేసే కంది చేనులో మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచి, చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్లు బొబ్బలెక్కేవి. అయినా రోహిణి కార్తె రాకముందే విత్తనాల సంచులు ఇంటికి వచ్చేవి. వాటి మీద పచ్చటి చేను, నిండా కాయలు, నవ్వుతున్న రైతు. అవ్వ ఆ రైతు మొహం మీద వేలుపెట్టి, "గీనె తెల్లంగీ మాసిందా సూడు. చేన్ల దిగినోడే గాదు," అనేది. తర్వాత సంచి మూల కోసి పది గింజలు తీసి, తడిపిన పాత చీరపేలికలో చుట్టి, కుండ పక్కన నీడకు పెట్టేది. నాలుగోనాడు విప్పి మొలకలు లెక్కపెట్టేది. ఎనిమిది మొలిస్తే ఆ సంచి ఇంట్లో ఉంటుంది, ఏడైతే మా నాయిన సైకిల్ మీద మళ్లీ దుకాణానికి పోతుంది. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనాయన్న సామెత ఊళ్లో అందరూ అనేవాళ్లు, అవ్వ మాత్రం దాన్ని ఏటా చేసి చూపించేది.

ఆ ఇంట్లోకి ఆటపెట్టె తెచ్చింది మా చిన్నాయిన. పట్నంలో ఆదివారం సంతలో పాత సామాన్ల నడుమ దొరికిందట. మూత సరిగ్గా పడేది కాదు, పైన చింతపండు జాడీ మూత ఒకటి బరువు పెడితేనే డిస్కు తిరిగేది. దాన్ని ఆడేది ఇద్దరమే, నేనూ మా పెద్దనాయిన కొడుకు అంజన్నా. అన్న నాకంటే రెండేళ్లు పెద్ద, సర్కారు బడిలో తెలుగు మీడియం ఏడో తరగతి. నేను కాన్వెంటులో ఐదు. రిమోట్ అన్న చేతిలో ఉండేది. నా చేతిలో ఏమీ ఉండేది కాదు, నా పని చదవడం. తెర మీద ఇంగ్లీషులో మాటలు వచ్చినప్పుడు నేను చదివి తెలుగులో చెప్పాలి, అన్న దాన్ని బట్టి ఆడాలి. మొదటి ఆట అలాగే చివరిదాకా ఒడగొట్టాం. నిజం చెప్పాలంటే అందులో సగం నాకు అర్థం కాలేదు. అర్థం కాని చోట కథ అల్లి చెప్పాను. అన్న అప్పుడప్పుడు నా మొహం వంక ఓరగా చూసేవాడు గాని నేను చెప్పినట్టే ఆడేవాడు.

ఆ ఎండాకాలం సెలవులకు తర్వాతి ఆట ఎంచుకోవాల్సి వచ్చింది. బస్టాండు దగ్గర ఖాజా భాయ్ అని ఒకాయన ఫొటోలు దిగే దుకాణం నడిపేవాడు. ఫోన్లకు రీచార్జి చేసేది, డిస్కులు కిరాయికి ఇచ్చేది కూడా అక్కడే. డిస్కు ఒకసారి తీసుకుపోతే సెలవులు అయ్యేదాకా మార్చేది లేదన్నది ఆయన షరతు. అన్నకు కత్తియుద్ధాల ఆట ఒకటి కావాలి. "గండ్ల సదివేదేం లేదంట, కొట్టుకుంట పోవుడే," అని దారిపొడుగునా చెబుతూ వచ్చాడు. చదివేది లేకపోతే నేనెందుకు? ఇద్దరి మధ్య నాకున్న జాగా అంతా ఆ చదువుతోనే వచ్చింది. అది పోతే నేను పక్కన కూర్చుని ఈగలు తోలే పిల్లనే.

అందుకని నేను డబ్బాలన్నీ తిప్పి వెనకవైపు బొమ్మలే చూశాను, దేనిలో అక్షరాలు ఎక్కువున్నాయో అని. జిరాక్సు తీసిన అట్టల మీద ఏదీ సరిగ్గా కనబడదు. ఒకదాని మీద కోట, నది, వంతెన, వెనక చిన్న బొమ్మల కింద చీమల బారు లాగా మాటలు. ఇదే కావాలన్నాను. ఖాజా భాయ్ తల అడ్డంగా ఊపి, "గది వద్దు బేటా, మీకు సమజ్ గాదు," అన్నాడు. ఆ ఒక్క మాటతో అన్నకు కూడా నా డిస్కు మీదికే మనసు పోయింది. నన్ను పక్కకు తీసుకుపోయి, "వద్దంటున్నడంటే ఎవలికో దాస్తున్నడే," అని గుసగుసలాడాడు. వద్దన్నది మంచిదే అయి ఉంటుందని నమ్మడం మా ఇంటి నీళ్లలోనే ఉంది.

అయినా ఊరికే తీసుకుపోతామా. దుకాణంలో టీవీ, ఆటపెట్టె ఉన్నాయి, పరీక్ష చేస్తామన్నాం. అవ్వ పద్ధతి. డిస్కు పెట్టాలి, తెర మీద పేరు లేవాలి, తీయాలి, మళ్లీ పెట్టాలి. అలా పదిసార్లు. అన్న పెట్టడం, నేను వేళ్లు మడవడం. ఖాజా భాయ్ గల్లా మీద మోచేతులానించి మా వంక ఏమీ అర్థం కానట్టు చూశాడు. మూడోసారి, ఏడోసారి నల్లగా ఉండిపోయింది. మిగిలిన ఎనిమిదిసార్లూ పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో పేరు లేచింది. ఎనిమిది మొలిచాయి. ఇంక చూసేదేముందని డిస్కు కాగితంలో చుట్టుకుని, ఎండలో నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. పేరు లేచిన తర్వాత బటన్ నొక్కి లోపల ఏముందో చూడాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇంట్లో చింతపండు కొట్టే రోజులవి. మధ్యాహ్నం అన్నాలయ్యాక అవ్వ, అమ్మ, పెద్దమ్మ పెద్దింట్లో గోనెసంచుల మీద కూర్చుని, చిన్న సుత్తెలతో టకటకా కొడుతూ గింజలు ఒకవైపు, ఈనెలు ఒకవైపు, పండు ఒకవైపు పోసేవాళ్లు. ఇల్లంతా పులుపు వాసన, తలుపు సందులోంచి వడగాలి, మూలన కుండలో జొన్న అంబలి, నోట్లో ఊరికే నీళ్లు ఊరుతుండేవి. ఆ చప్పుడు నడుమ అన్న జాడీ మూత బరువు పెట్టి, బటన్ నొక్కాడు. కోట వచ్చింది, రాజు వచ్చాడు, రాజు నోరు తెరిచాడు. కింద అక్షరాలు వచ్చాయి.

అవి ఇంగ్లీషు కావు. పుల్లలు విరిచి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. జపాను అక్షరాలని నాకు తెలిసింది చాలా ఏళ్లకు. అప్పుడు తెలిసిందల్లా ఒకటే, అన్న ఈ డిస్కు వెనక్కిచ్చి, ఖాజా భాయ్ కాళ్లావేళ్లా పడి కత్తియుద్ధాల ఆట తెచ్చుకుంటాడు.

"గిది ఇంగ్లీషేనా?" అన్నాడు అన్న.

"పెద్ద తరగతులోల్లది. మాకు జర జర జెప్పిన్రు," అన్నాను. నాలుక తడబడలేదు.

సుత్తె చప్పుడు ఆగింది. దుకాణంలో మేం చేసిన పరీక్ష సంగతి ముందే విన్న అవ్వ నా వంక చూసి, "పదిల ఎన్ని మొలిసినయే?" అంది. ఎనిమిది అన్నాను. "ఏం మొలిసిందో గూడ సూసిన్రా?" అని మళ్లీ సుత్తె ఎత్తింది. ఆమెకు తెర మీద ఉన్నది ఏ భాషో తెలిసే దారి లేదు. అయినా గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకున్నాను.

అలా ఆ ఎండాకాలమంతా రాని భాష చదివాను. నాకు వచ్చిన కథ ఒకటే, ఎవరినీ నమ్మొద్దని. కాబట్టి ఆ ఆటలో ఎవరు నోరు తెరిచినా నా తెలుగులో దొంగలే అయ్యారు. కమ్మరి కత్తి చూపిస్తే, "పగిలిన కత్తిని అతుకేసి అంటగడుతున్నడు, వద్దను," అన్నాను. పూటకూళ్లామె అన్నం పెడతానంటే అందులో మందు కలిపిందన్నాను. వంతెన దగ్గర ఒక ముసలామె ఉండేది. మేం పోయిన ప్రతిసారీ చేయి చాపి ఏదో ఇవ్వబోయేది, కింద రెండు మాటలు వచ్చేవి, ఒకటి తీసుకోవడానికి, ఒకటి వద్దనడానికి. "మంత్రగత్తె" అన్నాను. అన్న వద్దన్నాడు. గోనెసంచి మీంచి అవ్వ, "మంచి పని జేసినవ్ బిడ్డా, ఊకెనే ఇచ్చెటోన్ని నమ్మొద్దు," అని మెచ్చుకునేది. వంతెన మీద ఒక పెద్ద జంతువు. దాన్ని కొట్టడానికి మా దగ్గర మంచి కత్తి లేదు, మందు లేదు, తోడు లేదు. ఇచ్చినవన్నీ వద్దన్నాం కదా. రోజూ పోవడం, చావడం, మళ్లీ మొదలు.

ఓడేకొద్దీ అన్నకు అనుమానం పెరిగింది. ఒకనాడు ఒక గుర్తు మీద వేలుపెట్టి, "గిదేంది?" అన్నాడు. నీళ్లు అన్నాను. వారం తర్వాత అదే గుర్తు మీద మళ్లీ వేలు. అదృష్టం కొద్దీ గుర్తుంది. ఆ రోజు నుంచి భయం పట్టుకుని, బడి నోటుబుక్కు వెనక పేజీల్లో ఆ పుల్లల బొమ్మలు గీసి, ఎదురుగా నేను చెప్పిన అర్థం రాసి పెట్టుకున్నాను. పొద్దున్నే పాలు తాగుతూ చదువుకునేదాన్ని. బడి పరీక్షలకు ఎన్నడూ అంత చదవలేదు.

వైశాఖం పోయింది. అన్నకు అమ్రాబాద్ వైపు ఒక గురుకులంలో ఎనిమిదో తరగతి సీటు వచ్చింది. ట్రంకుపెట్టె కొన్నారు, రెండు జతల బట్టలు కుట్టించారు, పెద్దమ్మ కారప్పూస డబ్బా నింపింది. పోయే ముందు రోజు సాయంత్రం ఆఖరుసారి ఆడాం, ఆఖరుసారి వంతెన మీద చచ్చాం. అన్న రిమోట్ కింద పెట్టి, "నిజం జెప్పు. నువ్ సదువుతనే ఉన్నవా?" అని అడిగాడు.

"అవ్వ మీద ఒట్టు," అన్నాను.

ఆ ఒట్టు నన్ను నెలల తరబడి తిన్నది. అవ్వ దగ్గితే నా ఒట్టే తగిలిందనుకునేదాన్ని. ఆమెకు కాళ్లనొప్పులు వచ్చి దవాఖానకు తీసుకుపోయిన రోజు, బయట బెంచీ మీద కూర్చుని ఎవరైనా అడిగితే అంతా చెప్పేద్దామనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఖాజా భాయ్ ఆ డిస్కు ఎవరూ అడగరని మాకే వదిలేశాడు. నేను ఒక్కదాన్నే దాన్ని ఎన్నడూ పెట్టలేదు. చదివి వినిపించడానికి మనిషి లేని ఆటతో నాకేం పని.

దసరా సెలవులకు అన్న వచ్చాడు. జుట్టు పొట్టిగా కత్తిరించి, కొంచెం పొడుగై, మాట తగ్గి. గురుకులంలో అంతా ఇంగ్లీషేనట. బతుకమ్మ పెట్టిన మరునాడు, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద తింటూ బిస్కెట్ పుడ కవర్ మీద ఉన్నదంతా గడగడా చదివేశాడు. పెద్దమ్మ మురిసిపోయింది. నేను మాత్రం చేతిలో ముద్ద కింద పెట్టాను. మా ఇద్దరిలో ఇక ఇంగ్లీషు తెలియనివాళ్లు లేరు.

మధ్యాహ్నం అన్న తానే ఆటపెట్టె తుడిచి, వైర్లు పెట్టి, ఆ డిస్కు వేశాడు. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన కూర్చున్నాను. వంతెన వచ్చింది, ముసలామె వచ్చింది, చేయి చాపింది. అక్షరాలు వచ్చాయి. అన్న వాటిని చాలాసేపు చూశాడు. ఒక్క ముక్క కూడా ఇంగ్లీషు లేదు. అన్న నా వైపు తిరగకుండా, తెర వంకే చూస్తూ అన్నాడు.

"సదువు."

నేను తెరకు దగ్గరగా జరిగాను. తర్వాత మెల్లగా చెప్పాను. "ఎండల వడి వచ్చిన్రు, అలసిపోయిన్రు, గిది తీస్కపోర్రి బిడ్డా అంటాంది."

"నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు."

అన్న బటన్ నొక్కాడు. ముసలామె చేతిలోంచి ఒక పిల్లనగోవి వచ్చింది. అది ఊదితే వంతెన మీద జంతువు పక్కకు ఒరిగి పడుకుంది. ఎండాకాలం మొత్తం మమ్మల్ని చంపిన జంతువు, ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా. మేం దాని పక్క నుంచి నడిచి అవతలికి పోయాం.

ఇప్పుడు కోస్గి బస్టాండు దగ్గర ఆ దుకాణం జాగాలో ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. డిస్కులు లేవు, పదిసార్లు పెట్టి తీసేందుకు ఏమీ లేదు. మా ఇంట్లో చింతపండు పాకెట్లలో వస్తోంది. అవ్వ ఉంది, ఆ పాకెట్లను కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. అన్న అచ్చంపేటలో సర్కారు కొలువు చేస్తున్నాడు, ఆయనకూ ఒక ఆటపెట్టె ఉంది. నా ఒట్టు సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పటి ఆటల్లో మనుషులు నోటితోనే మాట్లాడతారు, రాని భాషైతే ఫోన్ అడ్డం పెడితే అదే చదివేస్తుంది. పక్కన కూర్చుని చదివి చెప్పే మనిషి అక్కర్లేదు. ఉద్యోగంలో చేరి ఏడాదయింది, ఎన్నో పనులు చేశాను, కొన్నింటికి మెప్పు కూడా వచ్చింది. ఆ రోజు "సదువు" అని అన్న ఇచ్చినంత ఇష్టమైన పని నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.