అయిపాయె బిడ్డా

మందమర్రిలో మా వీధి క్లినిక్ నర్సును సిస్టరమ్మ అనేవాళ్ళం. సూది గుచ్చకముందే "అయిపాయె బిడ్డా, అయిపాయె" అనేది. ఆ మాట నమ్మి మనం చెయ్యి వదులు చేసేసరికి నిజంగానే అయిపోయేది.

ఒకసారి కరీంనగర్‌లో పెద్ద ఆసుపత్రి ఇంటర్వ్యూకు పోయింది. రబ్బరు బొమ్మకు సూది వేసి చూపించమన్నారట. అలవాటు కొద్దీ బొమ్మతో కూడా "అయిపాయె బిడ్డా" అందట. ఎదురుగా కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వారట. "మా పేషెంట్లతో ఇలా మాట్లాడితే కుదరదమ్మా" అని పంపించేశారట.

మర్నాడు సూది కోసం పోయి, చెయ్యి చాపి ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆమె దూదితో నా చెయ్యి తుడిచి సూది ఎత్తింది.

"గా మాట అంటలేవేంది సిస్టరమ్మా?"

"ఇంగ్లీషుల ఏమంటరో నేర్చుకుంటున్న" అంది, తల ఎత్తకుండా.

ఆమె వేసే సూది కూడా నొప్పెడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.