శిఖరం పెట్టని గుట్ట

మా బాపు జన్మంతా గుట్టలే గీశాడు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఉండే రాతిగుట్టలు. పొలం చూసుకొమ్మంటే రంగుల డబ్బాలు పట్టుకుని పోయేవాడు. "ఇన్నేండ్ల కాపురంల నా బొమ్మ ఒక్కటి గియ్యలే. రాయిలెక్క పుడితె గీస్తుండెనేమో" అని అమ్మ దెప్పేది.

ఆయనకో పట్టింపు ఉండేది. గుట్టంతా గీసి శిఖరం మాత్రం తెల్లగా వదిలేసేవాడు. ఆఖరున ఒక సోమవారం ఒక్కపొద్దు ఉండి, చెప్పుల్లేకుండా ఆ గుట్ట ఎక్కి, పైన కొబ్బరికాయ కొట్టి, చిటికెడు మన్ను తెచ్చి రంగులో కలిపి, అప్పుడు శిఖరం పెట్టేవాడు. అప్పటిదాకా అది ఉత్త బొమ్మేనట. ఆ తర్వాతే గుట్ట వచ్చి అందులో కూర్చుంటుందట. గుండ్లపోచంపల్లి కొత్త కాలనీలో ఉండే కోస్తా కుటుంబం ఒకటి, పైన చిన్న గుడి కూడా వేసిమ్మని అడిగింది. "గుట్టనే దేవుడు. దేవుని నెత్తి మీద ఇంకో దేవుణ్ణి ఎట్ల కూసోబెట్టాలె?" అన్నాడు. వాళ్ళు ఆ బొమ్మను అలాగే తీసుకుపోయి పూజగదిలో పెట్టుకున్నారు.

చివరికి మా పొలం వెనక గుట్టను మొదలుపెట్టాడు. పొలానికి పోతే రోజూ కళ్ళముందు ఉండేదే కదా, ఎప్పుడైనా గీయొచ్చులే అని దాన్ని అన్నాళ్ళూ వాయిదా వేశాడు. శిఖరం మిగిలి ఉండగా ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొంచెం నయం కాగానే ఎక్కుతానని రోజూ అనేవాడు. ఆ బొమ్మ పూర్తి చేసి పోవాలన్నది తప్ప ఆయనకు వేరే కోరిక లేదు.

అప్పటికే మా పెద్దబాపు, ఆయన సొంత అన్న, ఆ గుట్టను చదును చేయించి ప్లాట్లు వేయిస్తున్నాడు. బాపు ఇల్లు దాటలేడు, ఇంటి నుంచి గుట్ట కనబడదు. బండలు పేల్చే చప్పుడు వినబడితే రోడ్డు పని అని ఆయనకు చెప్పేవాళ్ళం. పెద్దబాపు చెడ్డవాడేం కాదు. తమ్ముడంటే పంచప్రాణాలు. అందుకే ఒకరోజు పొద్దున్నే, గుట్ట కొనన ఉండే బండను ట్రాక్టర్ మీద వేయించుకుని వచ్చి మా వాకిట్లో దింపించాడు.

"తమ్మీ, నువ్వు ఎక్కలేకపోతివి గద. శిఖరాన్నే నీ కాడికి తెచ్చిన."

మొహం నిండా సంతోషం. మేం ఇన్నాళ్ళూ దాచింది ఆయనే తెచ్చి వాకిట్లో పెట్టాడని నాకు కోపం వచ్చింది.

బాపు నా భుజం పట్టుకుని బయటికి వచ్చాడు. బండ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి పోయి కుంచెలు కడిగి పెట్టేశాడు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

దినాలు అయ్యాక పెద్దబాపు ఆ బొమ్మ ముందు కూర్చుని లేవలేదు. బాపు దగ్గర నేను కొంత పని నేర్చుకున్నానని ఆయనకు తెలుసు. "నువ్వన్న శిఖరం పెట్టు బిడ్డా. నా తమ్ముని పని గట్ల సగంల ఉండొద్దు" అని బతిమాలాడు.

ఆయన మీద కోపమంతా అప్పటికే ఏడుపులో కొట్టుకుపోయింది. నిజంగానే తెలియక అడిగాను.

"యాడికెక్కి రావాలె, పెద్దబాపూ?"

ఆయన భుజం మీది తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.